గట్టు మీద హారన్

పల్లిపాలెం, కోటిపల్లి దగ్గర
జూన్ 15

లోవక్కకి,

బుజ్జి రాసేది. ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. మీ నర్సింగ్ హాస్టల్లో ఫోన్లు తీసేసుకుని ఆదివారం ఆఫీసు ఫోన్ ఇస్తున్నారు కదా, ఆ పది నిమిషాలూ అమ్మే మాట్లాడేస్తుంది. నా వంతు రాదు. అందుకని రాస్తున్నా. తొమ్మిదో క్లాసు మానేశాక ఇంత పొడుగు రాయడం ఇదే. తప్పులు దిద్దకు.

సైకిల్ కొన్నా. మామూలుది కాదు, మౌంటెన్ బైకు. రొయ్యల చెరువుల దగ్గర రెండేళ్ళు నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు బాగుచేసి దాచుకున్నది పట్టుకుని రాజమండ్రి వెళ్ళి కొత్తదే తెచ్చా. కొట్టాయన ముందు నన్ను దాని మీద అటో కాలు ఇటో కాలు వేయించి నిలబెట్టాడు. కడ్డీకీ నాకూ మధ్య బెత్తెడు ఖాళీ లేకపోతే ఆ సైజు అమ్మనన్నాడు. ఇరవై ఒక్క గేర్లు. ముందు చక్రానికి షాక్ అబ్జార్బర్లు. రెండు చక్రాలకీ డిస్కు బ్రేకులు. టైర్లకి మొసలి వీపు మీద ఉన్నట్టు బుడిపెలు.

రేవు ఆడాళ్ళు చుట్టూ మూగారు. సంపూర్ణమ్మత్త ఓ చుట్టు తిరిగి చూసి, "క్యారేజీ లేదు, మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, బెల్లు లేదు. సగం సైకిల్ అంటగట్టాడ్రా నీకు" అంది. కొండే లేని ఊళ్ళో కొండ సైకిలేంట్రా అని ఇంకో ఆవిడ. నవ్వుకోనీ. రాజమండ్రిలో సైకిల్ గ్రూపు ఉంది. ఉదయ్‌కుమార్ గారని బ్యాంకులో చేస్తారు, ఆయన నడుపుతారు. అక్టోబరులో మారేడుమిల్లి కొండల్లో రైడు. పేరిచ్చేశా. అప్పటిదాకా నాకు ఏటిగట్టే కొండ. చెరువుల దగ్గర్నుంచి కాలవ లాకుల దాకా పద్దెనిమిది నిమిషాల్లో వస్తున్నా.

నువ్వు అడగవు గానీ చంద్రరావు బావ బాగున్నాడు. ఎప్పట్లాగే తెల్లారేసరికి మోపెడ్ మీద వచ్చి గట్టు మీద పాంపాం అని బూర హారన్ కొడతాడు. ఆడాళ్ళు చేపల బేసిన్లు నెత్తిన పెట్టుకుని గట్టెక్కుతారు. తూచుకుని రామచంద్రపురం పట్టుకుపోతాడు. మీ సంబంధం అనుకున్న దగ్గర్నుంచి మన ఇంటి వైపు తల తిప్పట్లేదు. నా సైకిల్ చూసి బ్రేకు నొక్కి, తడి నేల మీద ఒక్కసారిగా నొక్కకు అన్నాడు. అంతే మాట్లాడాడు.

నీ తమ్ముడు
బుజ్జి


పిఠాపురం
జూన్ 23

ఒరే బుజ్జీ,

ఉత్తరం అందింది. దాచుకున్నాను. నీ చేత్తో రాసింది మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు కదా.

నాకు నచ్చనిది ఒకటుంది. పద్దెనిమిది నిమిషాలు అని రాశావు. గట్టు మీద టైము చూసుకుని తొక్కేవాడు మనుషుల్ని చూస్తాడా? ఆ గట్టు మీద పొద్దున్నే బేసిన్లతో ఆడాళ్ళు, బాతుల మందలు, గేదెలు, బడిపిల్లలు. అది నీ ఒక్కడి దారి కాదు. నెత్తిన బరువున్న మనిషి పక్కకి దిగలేదు. దిగితే మళ్ళీ ఎత్తుకోవడానికి ఇంకో మనిషి కావాలి. దిగాల్సింది నువ్వు.

వార్డులో డ్యూటీ వేస్తున్నారు. బళ్ళు గుద్దినవాళ్ళు రోజూ వస్తారు. తీసుకొచ్చినవాళ్ళని ఎలా తగిలిందని అడిగితే, అందరూ "ఆవిడే అడ్డొచ్చిందండి" అంటారు. ఆ మాట వింటే నాకిప్పుడు నమ్మబుద్ధి కాదు.

బెల్లు లేదన్నావు. చిన్న బెల్లు పెట్టించి పెట్టించానని చెప్పకు. సంపూర్ణమ్మత్తకి ఎడం చెవి వినపడదు. దూరం నుంచి వినపడేది, గట్టిది పెట్టించు. పెట్టించాక నాకు ఉత్తరంలో రాయి. నోటితో చెప్తే నమ్మను.

అక్క


పల్లిపాలెం
జూలై 4

అక్కా,

పెట్టించా. రామచంద్రపురంలో, చంద్రరావు బావ మోపెడ్‌కి కొన్న కొట్లోనే, అలాంటిదే బూర హారన్. నల్ల రబ్బరు ఉండ నొక్కితే లాకుల దాకా వినపడుతుంది. నమ్మకపోతే వచ్చి చూసుకో. రాతపూర్వకంగా ఇచ్చా, చాలా?

ఉదయ్‌కుమార్ గారు కూడా నీలాగే. గ్రూపులో చేరినవాళ్ళకి ఓ గంట పాఠం చెప్పారు. నడిచే మనిషికే ముందు దారి. కొండ దిగేవాడు ఎక్కేవాడికి ఆగాలి. వెనకనుంచి దాటితే దూరంగానే పలకరించి, వాళ్ళు తిరిగి చూశాకే దాటాలి. హెల్మెట్ లేకపోతే ఇంటికి పొమ్మంటారు. ఎవరికైనా తగిలితే ఆగాలి, ఆగకుండా పోయినవాడికి గ్రూపులో చోటు లేదన్నారు. నేను వెనక కూచుని విన్నా. బడి గుర్తొచ్చింది.

హారన్ పెట్టిన రోజే ఓ తమాషా జరిగింది. నేను కొట్టగానే ఓ ముసలావిడ బేసిన్ పట్టుకుని గట్టెక్కి వచ్చింది. నన్ను చూసి ఏదో తిట్టుకుంటూ దిగిపోయింది. నవ్వాగలేదు. ఏమైనా గానీ, ఇప్పుడు గట్టంతా ఖాళీ. పదహారు నిమిషాలకి వచ్చేశా.

బుజ్జి


పల్లిపాలెం
జూలై 29

అక్కా,

ఓ సంగతి. అమ్మ ఫోన్లో చెప్పే ఉంటుంది. పోయిన బుధవారం తెల్లారి సంపూర్ణమ్మత్త గట్టు మీంచి కిందకి పడింది. కుడి చేయి మణికట్టు దగ్గర విరిగింది. కట్టు వేశారు. బేసిన్ ఎత్తడానికి లేదు.

ఏదో బండి గుద్ది ఆగకుండా పోయిందంట. తుప్పర పడుతోంది, సరిగా తెల్లారలేదు. అత్త బండిని చూళ్ళేదు. కానీ పాంపాం విన్నానంది. రేవులో అందరూ చంద్రరావు బావే అంటున్నారు. తర్వాత పది నిమిషాలకి ఏమీ తెలీనట్టు వచ్చి, ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆయనే. గుద్ది పోయి తిరిగొచ్చాడని వాళ్ళ అనుమానం. ఆయన కాదంటున్నాడు. నేనేమీ అనను. ఎవరి లోపల ఏముందో మనకేం తెలుస్తుంది.

నేను ఆ పొద్దున చెరువుల దగ్గరే ఉన్నా.

బుజ్జి


పిఠాపురం
ఆగస్టు 5

బుజ్జీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. నన్ను చేసుకోబోయే మనిషి ఓ ఆడమనిషిని పడేసి పారిపోయి, మళ్ళీ వచ్చి మంచివాడిలా ఆటో ఎక్కించాడంటే, రేపు నాతో ఎలా ఉంటాడు? నిలబెట్టి అడిగావా ఆయన్ని? ఏం చెప్పాడు? మొహం ఎలా ఉంది? నీకు మనుషుల్ని కనిపెట్టడం వచ్చు కదా.

ఆదివారం ఫోన్లో అమ్మ ఓ మాట అంది. బుజ్జిగాడు సైకిల్ మీద పట్టా కప్పి ఇంటి వెనక పెట్టేశాడే, చెరువులకి నడిచి పోతున్నాడు అని. ఎందుకు? నీ మొదటి రెండు ఉత్తరాలూ సైకిల్ గురించే. మూడోదాంట్లో సైకిల్ అన్న మాటే లేదు.

ఊరికే అడుగుతున్నా. జవాబు రాయి.

అక్క


పల్లిపాలెం
ఆగస్టు 13

అక్కా,

గేరు కేబుల్ తెగింది. వానాకాలం. బురదలో తొక్కితే చైను పాడవుతుంది. పట్టా కప్పడం కూడా తప్పేనా? అక్కడ వార్డులో కూచుని ఇక్కడ నా మీద నిఘా ఏంటి? చదువుకున్నావు కాబట్టి నీకన్నీ తెలుసు, చదువు మానేసినవాడు ఏం చేసినా అనుమానమే.

బావని నేనేం అడగను. పెద్దాళ్ళు అడిగారు. "నేను వచ్చేసరికి ఆవిడ కింద ఉంది" అంటాడు, అదే మాట పదిసార్లు. రేవు ఆడాళ్ళు ఆయనకి చేపలు ఇవ్వడం మానేశారు. హారన్ కొట్టినా ఎవరూ గట్టెక్కట్లేదు. కాసేపు నిలబడి ఖాళీ తట్టలతో పోతున్నాడు. ఊరకే అంటారా అక్కా అంతమంది? గట్టు మీద ఆ హారన్ ఉన్నది ఆయన ఒక్కడికే కదా.

సంబంధం గురించి నాన్న మళ్ళీ ఆలోచిస్తానన్నాడు. ముందే తెలిసింది, మంచిదే అయిందేమో.

బుజ్జి


పిఠాపురం
ఆగస్టు 20

బుజ్జీ,

నా పెట్టెలో నీ ఉత్తరాలు నాలుగూ ఉన్నాయి. జూలై నాలుగుది తీసి ఎదురుగా పెట్టుకుని రాస్తున్నాను. "చంద్రరావు బావ మోపెడ్‌కి కొన్న కొట్లోనే, అలాంటిదే బూర హారన్." నీ రాతే. కింద నీ పేరు. పోయిన వారం నువ్వే రాశావు, గట్టు మీద ఆ హారన్ ఆయన ఒక్కడికే అని.

నేను ఇంకేమీ అడగను. అమ్మకి చెప్పలేదు. గట్టిది పెట్టించమన్నది నేనే, అదీ మర్చిపోలేదు.

నువ్వు తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. నీ జూలై ఇరవై తొమ్మిది ఉత్తరం నమ్మి, ఈ నెల ఆరో తారీఖున ఆయనకి ఓ ఉత్తరం రాశాను. నాకు మొహం చూపించొద్దని రాశాను. ఇంకా చాలా రాశాను, అవి నీకు చెప్పలేను. ఆయన దగ్గర్నుంచి జవాబు లేదు.

వచ్చే నెల మొదటి ఆదివారం ఫోన్లో నాన్నని పిలుస్తాను. ఆ రోజుకి నువ్వు చెప్పి ఉంటే నేను చెప్పక్కర్లేదు.

అక్క


పల్లిపాలెం
ఆగస్టు 31

అక్కా,

నీ ఉత్తరం వారం రోజులు జేబులో పెట్టుకుని తిరిగా. ఇప్పుడు అంతా రాస్తున్నా. రాస్తుంటే చేయి నొప్పెడుతోంది, అయినా రాస్తా.

ఆ బుధవారం ఫోన్లో టైము పెట్టుకుని వస్తున్నా. పదిహేను నిమిషాల్లో లాకులు చేరాలని. మలుపు తిరిగాక అత్త కనపడింది. గట్టుకి ఓ పక్కన పోతోంది, నెత్తిన బేసిన్. దారి సరిపోతుంది. దూరం నుంచే రెండుసార్లు హారన్ కొట్టా. పక్కనే ఉండిపోతుందనుకున్నా. కానీ ఆ చప్పుడు విని అత్త ఏం చేసిందో తెలుసా? దారికి మధ్యలోకి వచ్చి నిలబడింది. నెత్తిన బరువుతో వెనక్కి తిరక్కుండానే చేయెత్తింది, ఆగమని. బావ వచ్చాడనుకుంది. ఇరవై ఏళ్ళ నుంచి ఆ గట్టు మీద పాంపాం అంటే చేపల బండి, దానికి ఎదురెళ్ళాలి. మొదట బావ వాళ్ళ నాన్న, ఇప్పుడు బావ. ఆ ముసలావిడ బేసిన్ పట్టుకుని ఎక్కొచ్చిన రోజే నాకు తట్టి ఉండాల్సింది. నేను నవ్వుకున్నా.

బ్రేకులు రెండూ ఒక్కసారిగా పట్టేశా. తడి మట్టి మీద వెనక చక్రం పక్కకి జారింది. హ్యాండిల్ అత్తకి తగిలింది. అత్త దొర్లుకుంటూ తుంగలోకి పోయింది. చేపలన్నీ గట్టు మీద.

నేను దిగా అక్కా. ఒక కాలు కింద పెట్టా. అప్పుడు కిందనుంచి అత్త, "చంద్రరావా, చంపేశావురా" అంది. ఆ పేరు విన్నాక రెండో కాలు పెట్టలేదు. ఎక్కి తొక్కేశా. అత్త గొంతు గట్టిగానే ఉంది, ఏం కాలేదులే అనుకున్నా. చేయి విరిగిందని సాయంత్రం తెలిసింది. మారేడుమిల్లి రైడు పోతుందని, గ్రూపులోంచి తీసేస్తారని, అదే ఆలోచించా. హారన్ విప్పి ఏట్లో పడేద్దామని వెళ్ళి, పడెయ్యలేక తెచ్చి గుడ్డలో చుట్టి దాచా.

నిన్న పొద్దున రేవుకి వెళ్ళి అందరి ముందూ చెప్పా. ఎవరూ నమ్మలేదు.

నిజం. ఒక్కరూ నమ్మలేదు. అక్క సంబంధం చెడిపోతుందని వీడు నెత్తినేసుకుంటున్నాడు అన్నారు. చంద్రరావు వాళ్ళే మాట్లాడి పంపారా అని నాన్నని అడిగారు. నాన్న నా వైపు చూశాడు, ఆయనా నమ్మలేదు. నేను పరిగెత్తి హారన్ తెచ్చా. బావ అక్కడే మోపెడ్ మీద ఉన్నాడు. సంపూర్ణమ్మత్త ఏటి వైపు తిరిగి కూచుని, ఒక్కోటీ కొట్టండి, ఆ రోజు విన్నదేదో నేను చెప్తా అంది. నాది కొట్టా. ఆయనది కొట్టాడు. మళ్ళీ నాది. అత్త కట్టు చేయి ఒళ్ళో పెట్టుకుని, ఇంకోసారి కొట్టమంది. "రెండూ ఒకటేరా" అంది. ఇంకొకావిడ, "నిన్న కొనుక్కొచ్చి ఉంటాడు" అంది. అందరూ లేచిపోయారు.

బావ నా వైపు కూడా చూడకుండా బండి తిప్పుకుని పోయాడు.

హారన్ విని ఎక్కొచ్చిన ముసలావిడకి అది గుర్తే లేదు, మిగతావాళ్ళు నా హారన్ విన్నా బావే అనుకున్నారు. అక్కా, ఆ జూలై నాలుగు ఉత్తరం పంపు. అందులో తారీఖు ఉంది, పోస్టాఫీసు ముద్ర ఉంది. అత్త పడకముందే నా దగ్గర హారన్ ఉందని చెప్పేది అదొక్కటే.

బుజ్జి


పిఠాపురం
సెప్టెంబరు 5

బుజ్జీ,

జూలై నాలుగు ఉత్తరం కవరుతో సహా ఇందులో పెట్టాను. రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. జూన్‌లో నేను రాసింది నీ దగ్గర ఉంటే అది కూడా చదువు. చదివేటప్పుడు ఏ వాక్యమూ దాటెయ్యకు.

ఆయన దగ్గర్నుంచి ఇంకా ఏమీ రాలేదు. నేను మళ్ళీ రాయడానికి కూచున్నాను. మొదటి లైను దగ్గరే ఆగిపోతున్నాను.

అక్క


పల్లిపాలెం
సెప్టెంబరు 14

అక్కా,

చదివా. నీదీ, నాదీ. నాలుగు రోజుల కిందట పొద్దున, బావ వచ్చే వేళకి, గట్టు మీద.

పాఠం అప్పజెప్పినట్టు చదువుతావేంట్రా అని మొదట నవ్వారు. రాతపూర్వకంగా ఇచ్చా అన్నచోట ఇంకా నవ్వారు. ముసలావిడ బేసిన్ పట్టుకొచ్చిందన్న దగ్గర, ఆ ముసలావిడ అక్కడే ఉంది, "నేనే, నేనే" అని చేయెత్తింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. సంపూర్ణమ్మత్త కవరు అడిగి తీసుకుని, ముద్ర మీద తారీఖు పక్కావిడ చేత చదివించుకుంది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది.

"నేను పడ్డాక దిగావా, దిగలేదా?"

ఒక కాలు దిగానన్నా.

"రెండోది కూడా దిగుంటే నీకు ఇంత చదవాల్సిన పని లేకపోయేదిరా" అంది.

ఇంకో నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. నాన్న మాత్రం ఇంటికొచ్చే దాకా నాతో మాట్లాడలేదు, వచ్చాక కూడా.

ఉదయ్‌కుమార్ గారికి ఫోన్ చేసి నేనే చెప్పా. "ఈ ఏడు వద్దండి బుజ్జిబాబు గారూ" అన్నారు. ఆయన అంత మర్యాదగా అంటే ఎక్కువ తగిలింది. కొట్లో క్యారేజీ, మడ్‌గార్డులు, స్టాండు బిగించుకొచ్చా. కట్టు విప్పేదాకా అత్త బేసిన్ క్యారేజీ మీద కట్టుకుని, అత్త ముందు నడుస్తుంటే నేను వెనక తోసుకుంటూ వీధులు తిరుగుతున్నా. ఇరవై ఒక్క గేర్ల సైకిల్ నడిపించుకుపోవడం చూడాలి నువ్వు. "ఇప్పటికి పూర్తయింది సైకిల్" అంది అత్త. హారన్ మళ్ళీ బిగించలేదు. చిన్న బెల్లు పెట్టా. గట్టు మీద మనిషి కనపడితే దిగి, పేరు పెట్టి పిలిచి, తిరిగి చూశాక నడుస్తున్నా. లాకులకి నలభై నిమిషాలు పడుతోంది.

ఈ రోజు పొద్దున బావ మళ్ళీ వచ్చి హారన్ కొట్టాడు. ఒక్కసారే, మెల్లిగా. నేను అరుగు మీద కూచుని వింటున్నా. చాలాసేపు ఎవరూ కదల్లేదు. ముందు సంపూర్ణమ్మత్త గట్టెక్కింది, ఒంటిచేత్తో, ఖాళీగానే. తర్వాత అందరూ వెళ్ళారు.

తూకాలయ్యాక బావ నన్ను పిలిచాడు. కొడతాడనుకున్నా. కొట్టించుకుందామనే వెళ్ళా. జేబులోంచి నీ ఉత్తరం తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది మీ అక్కకి పంపించెయ్యి. నేను చదవలేదని చెప్పు" అన్నాడు.

చెప్పమన్నాడు కాబట్టి చెప్తున్నా. ఆయన చదవలేదంట.

కవరు ఆయన ఇచ్చింది ఇచ్చినట్టే ఇందులో పెట్టా. చింపి ఉంది. మడతల దగ్గర కాయితం నలిగి మెత్తబడిపోయింది, చేపల తడి కూడా తగిలింది. నేను విప్పలేదు. ఇది మాత్రం నమ్ము.

బుజ్జి